కెమెరా వైపు చూడమ్మా

సినిమాలో ఎవరూ మన వైపు చూడరు. రెండున్నర గంటలసేపు వాళ్ల పెళ్లిళ్లు, చావులు, పగలు, ఏడుపులు అన్నీ మనం చూస్తాం. వాళ్లు మాత్రం మనం అక్కడ లేనట్టే తమ బతుకు తాము బతికేస్తారు. షూటింగుకి వచ్చిన కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట కూడా అదే: లెన్సులోకి చూడొద్దు. చూస్తే షాటు మళ్లీ తియ్యాలి. అదే మనిషిని సినిమా పత్రిక ముఖచిత్రం మీదికి తెచ్చేసరికి లెక్క మొత్తం తిరగబడుతుంది. కళ్లు తిన్నగా మన కళ్లలోకి రావాలి. ఖమ్మం బస్సు కోసం నిలబడి, ఏమీ కొనే ఉద్దేశం లేకుండా పుస్తకాల కొట్టు వైపు తల తిప్పినవాణ్ని ఆ చూపే పట్టి ఆపాలి.

సత్తుపల్లిలో డి.టి.పి. పని చేసుకునే నాకు ఈ తేడా పట్టింపుకి వచ్చింది మా అన్న కూతురి వల్ల. హైదరాబాదులో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు కింద ఒక చిన్న సినిమా తియ్యాలి, దానికి పోస్టరు వెయ్యాలి, ఆ సినిమా గురించి ఒక సినిమా పత్రిక కవర్ పేజీ కూడా తయారు చెయ్యాలి. ఇంగ్లండులో మన ఇంటర్ ఈడు పిల్లలకు మీడియా స్టడీస్‌లో ఏళ్ల తరబడి ఇలాంటి పనే పెట్టారు: ట్రైలరు, పోస్టరు, పత్రిక కవరు. మంచి ఆలోచనే. సినిమా తియ్యడం ఒక చదువు, తీసిన సినిమాని ఇంకొకరి కళ్లకు ఆనించడం ఇంకో చదువు.

పిల్ల తీసిన సినిమా మా పక్క కథే. సత్తుపల్లి నుంచి దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా ఆయిల్ పామ్ తోటలు. గెల పండిందని తెలిసేది కింద రాలిన పండ్లను బట్టే. మగవాళ్లు పొడుగాటి గెడకు బిగించిన కొడవలితో గెల కోస్తారు. అది దబ్బున పడ్డప్పుడు చెల్లాచెదరైన పండ్లను ఆడవాళ్లు వంగి ఏరుతారు. గెలలోని పండు కన్నా రాలిన పండులో నూనె ఎక్కువ, అందుకే ఒక్కటి కూడా వదలరు. మట్టలకు ముళ్లుంటాయి. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, తలకు గుడ్డ, వేళ్ల సందుల్లో నారింజ రంగు మరక. అలా ఏరే ఒకావిడ రోజు ఎలా గడుస్తుందో, తెల్లవారుజామున ట్రాలీ ఎక్కడం దగ్గర్నుంచి అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు చేరేదాకా తీసింది. సినిమా నాకు నచ్చింది. మాటలు తక్కువ, పని ఎక్కువ.

కవర్ కోసం ఆ సినిమాలోంచే ఒక ఫ్రేము కత్తిరించి పట్టుకొచ్చింది. ఆవిడ వంగి పండ్లు ఏరుతుంటుంది, వెనకాల చెట్ల వరస. మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, పక్కన 'ఎక్స్‌క్లూజివ్' అని గుండ్రటి ముద్ర. 1989లో లండనులో మొదలైన 'ఎంపైర్' పత్రిక కవర్లు చూసి నేర్చుకున్నానంది. తప్పేమీ లేదు, ఎవరో ఒకరిని చూసే నేర్చుకుంటాం. కానీ ఆ బొమ్మ ప్రింటుకి నిలబడదు. వీడియో ఫ్రేము 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. అడ్డంగా ఉన్న బొమ్మలోంచి నిలువు కవర్ కోస్తే మిగిలేది 760 చుక్కల వెడల్పు. అంగుళానికి 300 చుక్కలు కావాలనే అచ్చు లెక్కన ఆ బొమ్మ మూడున్నర అంగుళాల ఎత్తుకే చాలుతుంది. ఏ4 కాగితానికి 2480, 3508 చుక్కలు కావాలి. సాగదీస్తే మొహం మసకబారిపోతుంది.

చుక్కల సంగతి మంచి కెమెరాతో తీరిపోతుంది. తీరనిది చూపు. సినిమా మొత్తం వెతికినా ఆవిడ మన వైపు చూసిన ఫ్రేము ఒక్కటీ లేదు. ఉండదు కూడా. చూడొద్దని చెప్పి తీసింది పిల్లే.

పాత మద్రాసు రోజుల్లో ఈ చిక్కు అందరికీ తెలిసిందే. అందుకే ప్రతి షూటింగులో మూవీ కెమెరా పక్కన స్టిల్ ఫొటోగ్రాఫర్ వేరే ఉండేవాడు. షాటు ఓకే అయ్యాక నటుల్ని కాసేపు ఆపి, మళ్లీ నిలబెట్టి, తన బొమ్మ తాను తీసుకునేవాడు. పత్రికలకు వెళ్లేవి ఆ బొమ్మలు. సినిమా రీలులోంచి ముఖచిత్రం ఊడిపడదు, దాన్ని విడిగా పుట్టించాలి. 1966లో చందమామ వారి సంస్థ నుంచి 'విజయచిత్ర' వచ్చింది, రావి కొండలరావు గారు ఏళ్ల తరబడి దాన్ని నడిపారు. 1976లో 'సితార' వచ్చింది. వాటి అట్టల మీది మొహాలు మా ఊళ్లో టైలరు కొట్టు గోడల మీదా, మంగలి షాపు అద్దాల చుట్టూ, ట్రంకు పెట్టె మూత లోపలి వైపూ అతికి ఉండేవి. లోపలి పేజీలు చదివి పొట్లాలకు పడేసినా అట్ట మాత్రం దాచుకునేవాళ్లు. కథ చెప్పే ఫొటోని ఎవరూ పెట్టె మూతకు అంటించుకోలేదు. తమ వైపు చూసే మొహాన్నే అంటించుకున్నారు.

దీనికి మన కంటి అలవాటు కూడా ఒక కారణమని నా నమ్మకం. భద్రాచలం రాముడి పటం మా ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా ఉంటుంది. సీతమ్మ ఆయన ఎడమ తొడ మీద కూచుని ఉంటుంది, పక్కన లక్ష్మణుడు. వాళ్లు ఒకరినొకరు చూసుకోరు, ముగ్గురూ మన వైపే చూస్తారు. మనం దేవుణ్ని చూడ్డానికి వెళ్తామంటాం గానీ, ఆయన మనల్ని చూడాలనే వెళ్తాం. క్యాలెండర్ దేవుళ్లూ అంతే. 1957లో 'మాయాబజార్', 1963లో 'లవకుశ' చూసిన జనం ఆ వేషాల బొమ్మల్ని చాలా ఇళ్లలో పటాలు కట్టించుకున్నారంటే ఆశ్చర్యం లేదు. తెర మీద ఎవరితోనో మాట్లాడిన రాముడు పటంలోకి వచ్చేసరికి మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటాడు.

సినిమా పుట్టిన కొత్తలో ఈ రెండు చూపుల మధ్య గీత ఇంకా గట్టిపడలేదు. 1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ'లో ఒక షాటు ఉంది. దొంగల నాయకుడు నడుం పైనుంచి మాత్రమే కనిపిస్తూ, తిన్నగా ప్రేక్షకుల మీదికి తుపాకి పేలుస్తాడు. కథకీ ఆ షాటుకీ సంబంధం లేదు. సినిమా మొదట్లో వేసుకున్నా సరే, చివర వేసుకున్నా సరే అని ఎడిసన్ కంపెనీ తన కేటలాగులోనే రాసింది. పుస్తకానికి ముందు అట్టా వెనకట్టా ఉన్నట్టు, ఎటు కుట్టినా సరిపోయే బొమ్మ. నన్నడిగితే సినిమాకి తొలి ముఖచిత్రం అదే, కాకపోతే అది సినిమాలోనే ఇరుక్కుపోయింది. తర్వాత యాభై ఏళ్లకు బెర్గ్‌మన్ 1953లో 'సమ్మర్ విత్ మోనికా' తీసినప్పుడు నాయిక ఒకచోట తల తిప్పి మన వైపే చాలాసేపు చూస్తుంది. 1959లో త్రుఫో 'ది 400 బ్లోస్' చివర సముద్రం ఒడ్డున కుర్రాడు మన వైపు తిరిగిన క్షణంలో బొమ్మ ఆగిపోతుంది. అవి ఇన్నేళ్లయినా గుర్తుండటానికి కారణం, కథలోని మనిషి కథను దాటి మన దాకా రావడమే.

పోస్టరుకి ఈ బాధ్యత లేదు. పోస్టరు సినిమాని అమ్ముతుంది. అందులో నాయకుడు ఒక వైపు, విలన్ ఇంకో వైపు చూడొచ్చు, మూలన రైలు పోవచ్చు, పైన మబ్బులు కమ్మొచ్చు. పాలకొల్లు నుంచి వెళ్లి, 1967లో బాపు గారి 'సాక్షి'తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తెలుగు సినిమా గోడల్ని తన రంగులతో నింపిన ఈశ్వర్ గారి పోస్టర్లు చూస్తే, ఒక్క కాగితంలో కథంతా ఎలా పరుస్తారో తెలుస్తుంది. పత్రిక కవరు అలా పరిస్తే చెడుతుంది. అక్కడ ఒక్కరే ఉండాలి, లేదా ఒక్కరి కళ్లే ముందుండాలి. ఆ నెల పత్రిక తరఫున తలుపు దగ్గరికి వచ్చి పలకరించేది ఆ మనిషే.

ఇవన్నీ విని పిల్ల అడిగింది, "అయితే బాబాయ్, ఆవిణ్ని మళ్లీ ఫొటో తియ్యాలంటావా?"

తియ్యాలి. తోటకే వెళ్లాం.

ఆయిల్ పామ్ తోట లోపల మధ్యాహ్నం కూడా వెలుగు ఆకుపచ్చగా దిగుతుంది, మొహం మీద పడితే జబ్బు చేసినట్టు ఉంటుంది. అందుకని తోట బయట, ట్రాక్టరు దారి అంచున, ఎండ నేరుగా తగలని చోట కూచోబెట్టాం. వెలుగు మళ్లించడానికి థర్మకోల్ అట్ట. కెమెరా ఆవిడ కళ్ల ఎత్తులో ఉండాలని చెప్పాను. పైనుంచి తీస్తే జాలి, కిందనుంచి తీస్తే విగ్రహం. పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకుంది.

"కెమెరా వైపు చూడమ్మా" అనగానే ఆవిడ మొహం బిగుసుకుపోయింది. ఇన్ని రోజులూ చూడొద్దన్నారు, ఇప్పుడు చూడమంటున్నారని కాదు. మా పక్క కూలి చేసుకునే మనిషి కెమెరాలోకి తిన్నగా చూసే సందర్భాలు ఏముంటాయి? ఆధార్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు ఖాతా, పింఛను. నిటారుగా కూచో, నవ్వకు, రెప్ప వెయ్యకు. అక్కడ ఆ మనిషి చూడటం లేదు, ఆమెని ఎవరో సరి చూసుకుంటున్నారు. ఆ మొహమే మా ముందూ పెట్టింది. అది ముఖచిత్రానికి పనికిరాదు. సినిమా తారలకు ఎవరూ నేర్పక్కర్లేదు, తమని చూడ్డానికి జనం వస్తారని వాళ్లకు తెలుసు. ఆ నమ్మకమే కళ్లలో ఉంటుంది. తన మొహం చూడ్డానికి ఎవరైనా ఆగుతారని ఈవిడకు ఎవరూ చెప్పలేదు.

అంతలో ఆవిడే అసలు మాట తీసింది. "ఇంత పెద్ద ఫొటో దిగుతన్నా, ఈ చొక్కాతోనా? ఇంటికి పోయి మంచి చీర కట్టుకొస్తా."

పిల్ల మొహం వాడిపోయింది. తనకు ఆ చొక్కా కావాలి. మట్టి అంటిన చొక్కా, తలగుడ్డ, వేళ్ల మరకలు, సినిమా అంతా వాటి మీదే నడిచింది. మంచి చీర కట్టుకుంటే ఆ సినిమాలో మనిషి ఈమేనని ఎవరు నమ్ముతారు? తను చదివిన పాఠాల ప్రకారం పిల్ల మాట సబబే. నేను మాత్రం ఆవిడ పక్షం. తెర మీద పోలీసు వేషం వేసిన నాయకుడు ముఖచిత్రానికి తనకు నచ్చిన చొక్కాలో వస్తే మనం వద్దంటామా? తెర మీద వానలో తడిసి వెక్కి ఏడ్చిన నాయిక అట్ట మీద మల్లెపూలు పెట్టుకుని నవ్వుతుంది, అబద్ధం అనం కదా. కథలో ఉన్నంతసేపూ మనిషి దర్శకుడి మాట వింటుంది. అట్ట మీద మాత్రం తన మాట తాను చెప్పుకుంటుంది. ఆ హక్కు తారలకే ఉందనీ, తోట కూలికి లేదనీ అనుకోవడం నాకు మింగుడుపడలేదు. పేదవాళ్లను ఎప్పుడూ పని బట్టల్లోనే చూపించాలనే పట్టుదల కూడా ఒక రకం యూనిఫారం తొడగడమే.

ఇలాంటి చోటే 1985 జూన్ 'నేషనల్ జియోగ్రాఫిక్' ముఖచిత్రం గుర్తొస్తుంది. పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి. ప్రపంచమంతా ఆ కళ్లలోకి చూసింది. ఆ అమ్మాయి పేరు షర్బత్ గులా అని పత్రిక తెలుసుకున్నది 2002లో. అప్పటిదాకా ఆమె ఆ బొమ్మనే చూడలేదు. లక్షల మంది ఇళ్లలోకి వెళ్లిన తన మొహాన్ని పదిహేడేళ్లు తను చూడలేదు! ఫొటో గొప్పదే, కాదనను. కానీ కవర్ వేసేవాడు ముందు ఎవరికి చూపించాలో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

ఆవిడ ఇంటికెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ముదురు నీలం, సన్నటి పసుపు అంచు. జడకి కనకాంబరాలు. పిల్ల కెమెరా పక్కన పెట్టి ఆ చీర ఎక్కడ కొన్నావని కబుర్లలో పడింది. కూతురి ఓణీల ఫంక్షనుకి సత్తుపల్లిలో కొన్నదట. బేరమాడింది ఎలాగో చెప్పడం మొదలుపెట్టింది, చెబుతూ చెబుతూ పిల్ల కళ్లలోకి చూసింది. ఆ కళ్లకీ కెమెరాకీ మధ్య జానెడు దూరం. "ఇటు చూడత్తా" అని పిల్ల అనడం, ఆ మాట మధ్యలోనే ఆవిడ చూపు లెన్సులోకి మళ్లడం ఒకేసారి జరిగాయి. బేరంలో గెలిచిన మనిషి చూపు అది. చేతులు ఒళ్లో ఉన్నాయి, వేళ్ల సందుల్లో నారింజ మరక ఎంత కడిగినా పోలేదు. పిల్లకు కావలసింది కూడా అడగకుండానే బొమ్మలోకి వచ్చింది.

ఆ తర్వాతి పని నా బల్ల మీద. పత్రికకి పిల్ల పెట్టుకున్న పేరు 'తొలి ఆట'. ఇంగ్లీషు పత్రికల్లో చేసినట్టు తల వెనకాల అక్షరాలు పెట్టి, జుట్టు వాటి మీదికి రావాలని ముచ్చటపడింది. ఇంగ్లీషు అక్షరం సగం మూసినా మిగతా సగంతో గుర్తుపట్టొచ్చు. తెలుగులో గుణింతం చాలావరకు అక్షరం నెత్తి మీదే ఉంటుంది, ఒత్తులు కాళ్ల దగ్గర ఉంటాయి. బొమ్మ తల అక్షరాల పైభాగాన్ని మూస్తే 'తొలి' కాస్తా 'తల' అయి కూచుంటుంది. అందుకని పేరుని ఎడమకి జరిపి, తల కుడివైపు ఖాళీలోకి తెచ్చాం. కొట్లో పత్రికల్ని దండెం మీద క్లిప్పులతో ఒకదాని మీద ఒకటి వేలాడదీసినప్పుడు బయటికి కనిపించేది పై పట్టీ, ఎడమ అంచే. పేరు అక్కడుండటం మంచిదే. పిల్ల ఈడు వాళ్లు అలా వేలాడే పత్రికల్ని చూసి ఎరగరు, వాళ్లకు తెలిసింది యూట్యూబు థంబ్‌నెయిల్. అందులోనూ మొహాలే, మన వైపే చూస్తాయి. కాకపోతే నోళ్లు తెరుచుకుని.

అక్షరాలకు రామభద్ర ఫాంటు వాడాం. సిలికానాంధ్ర పూనికతో గుత్తుల పురుషోత్ కుమార్ గీసిన ఫాంట్ల వరసలోది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గుండ్రంగా, బరువుగా, దూరం నుంచి కూడా చదవగలిగేట్టు ఉంటుంది. పేరు రంగు చీర అంచు నుంచి తీసుకున్నాం, ఎరుపు పోయింది. కాగితం కోసేటప్పుడు తెల్ల అంచు పడకుండా చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ బొమ్మ వదిలాం. 'ఎక్స్‌క్లూజివ్' ముద్ర తీసెయ్యమంటే పిల్ల కాసేపు బెంగపడి తీసేసింది. నీలం చీర మీద తెల్ల అక్షరాలు ఎక్కడ పెట్టినా చదవడానికి వీలుగానే ఉన్నాయి గానీ, నాలుగు వాక్యాలకు మించి పెట్టనివ్వలేదు. ఐదోది వచ్చేసరికి కన్ను మొహాన్ని వదిలి అక్షరాల వెంట పోతోంది.

అచ్చుకి పంపే ముందు కాగితం మీద నమూనా తీసి ఆవిడకు చూపించాం. చదవడం రాదు, పిల్లే వేలు పెట్టి చదివి వినిపించింది. కింద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, తోట కూలీల జీవన పోరాటం అని. ఆవిడ ఆపింది. "పోరాటమని ఎందుకు రాశావమ్మా? నేనెవరితో కొట్లాడతన్నా? పనికి పోతన్నా, వస్తన్నా." ఆ వాక్యం తీసేశాం. తీసిన చోట ఖాళీ మిగిలింది. అక్కడ ఏం పెడదామని పిల్ల నన్ను చూసింది, ఆవిడ పిల్లని చూసింది. "నా పేరు లేదేం?"

నిజమే, లేదు. సినిమా తారల ముఖచిత్రాల మీద పేరు చిన్నగా వేసినా, అసలు వెయ్యకపోయినా ఫరవాలేదు, మొహమే పేరు. ఆ లెక్క ఇక్కడ కూడా నడిచిపోయింది. పోరాటం పోయిన చోట ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా పడింది, దర్శకురాలి పేరు కన్నా రెట్టింపు సైజులో. ఆ పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. ఆవిడ ఒప్పుకున్నది ఆ కవరుకి, నా వ్యాసానికి కాదు.

ఖమ్మంలో డిజిటల్ ప్రెస్సులో మందం ఆర్ట్ పేపరు మీద వేయించాం. కాలేజీకి ఇవ్వాల్సినవి పోగా ఆవిడకొకటి. ఇంట్లో పటం కట్టించుకుంటుందేమో, అక్షరాలన్నీ తీసేసి ఒట్టి ఫొటో పెద్దది వేయించి ఇస్తామని పిల్ల చెప్పింది. కంప్యూటర్లో అక్షరాల పొర వేరు, బొమ్మ పొర వేరు, ఒక్క నొక్కుతో పోతాయి. ఆవిడ ఒప్పుకోలేదు.

"వద్దొద్దు, అక్షరాలు ఉండాలి. అవి తీసేస్తే పెళ్లిలో దిగిన ఫొటోలాగే ఉంటది." మూలనున్న నల్లగీతల పెట్టె మీద వేలు పెట్టింది. నెలనెలా వచ్చే పత్రికల మీద 977తో మొదలయ్యే బార్‌కోడు ఉంటుంది, నిజం పత్రికలా ఉండాలని పిల్ల పెట్టిన ఉత్తుత్తి పెట్టె అది. "ఇది కూడా ఉంచండి. కొట్లో అమ్మే పుస్తకానికి ఇది ఉంటది గదా."